ఖాజా భాయి జవాబు వినబడని లారీ

బస్సులు తిరగని ప్రత్యేక రాష్ట్ర సమ్మె రోజుల్లో పాలకొల్లు నుంచి కరీంనగర్ జిల్లాకి ఎవరైనా పనిగట్టుకుని వెళ్తారా? నేను వెళ్ళాను. వెళ్ళొద్దని ఇంట్లో చెప్పారు, వీధిలో చెప్పారు, చివరికి పాలబ్బాయి కూడా చెప్పాడు. ఒక వయసు దాటాక ఎవరైనా వద్దన్న పనే చేయాలనిపిస్తుంది. నాది ఆ వయసే.

కారణం సిరిసిల్లలో ఉన్న ఖాజా భాయి. ఆయన్ని నేను అప్పటికి చూడలేదు. మా ఇద్దరిదీ హామ్ రేడియో స్నేహం. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లో సెట్టు పెట్టుకుని, డాబా మీద తీగ కట్టి, గాలిలో దొరికిన మనిషితో కబుర్లాడే పిచ్చి ఇది. పైసా లాభం లేదు. ఖాజా భాయికి సిరిసిల్లలో రేడియోలు బాగుచేసే కొట్టుండేది. గొంతులో పుండు లేచి ఆపరేషన్ అయ్యాక మాట పోయింది. అప్పటి నుంచీ ఆయన మాటంతా మోర్సులోనే. మీట మీద వేలు ఆడించి, చుక్కలూ గీతలుగా, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు కొడతాడు. పలక మీద రాస్తే ఇంట్లో వాళ్ళు చదువుతారు కానీ, పలక మంచినీళ్ళు అడగడానికి పనికొస్తుంది, కబుర్లకి కాదు.

ఆయన శిష్యుడు మల్లేశం. కోరుట్ల మనిషి, సొంత లారీ, తనే డ్రైవరు. ఒకప్పుడు లారీలో టేపురికార్డరు పాడైతే ఖాజా భాయి కొట్టుకి తెచ్చి, అక్కడే కూలబడి మోర్సు నేర్చుకుని, పరీక్ష పాసై, లారీలో సెట్టు పెట్టించుకున్నాడు. రోడ్డెక్కితే చాలు మైకులో చెబుతూ పోతాడు, ఫలానా ఊరు దాటిన, ఫలానా చోట చాయ్ తాగుతున్న అని. మంచంలో ఉన్న ఖాజా భాయికి అదే లోకసంచారం. కానీ ఇంజను నడుస్తున్నంతసేపూ లారీలో సెట్టు ఈల వేస్తుంది. మల్లేశం గొంతు ఖాజా భాయికి చేరుతుంది, ఖాజా భాయి జవాబు మాత్రం ఆ ఈలలో కొట్టుకుపోతుంది.

ఒకరోజు పొద్దున్న ఖాజా భాయి నాకు కొట్టాడు. వేలు తడబడుతోంది, అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. "నేను జవాబు చెప్త. వాడు వినడు. నువ్వు పోయి లారీ బాగు చెయ్యి. నాకు టైమ్ లేదు."

ఉద్యోగంలో ఉండగా టెలిఫోన్ లైన్లలో గరగరలు తీయడమే నా పని. కాదని ఎలా అంటాను?

జగిత్యాల

రైలు దిగాక జగిత్యాల దాకా ఎలా చేరానో చెప్పను. చెబితే మా ఆవిడ చదువుతుంది.

ఊరు సగం మూసి ఉంది. ఆఫీసుల ముందు టెంట్లు, టెంట్లలో జంపఖానాల మీద గుమాస్తాలు, మాస్టర్లు. బడులు లేవు. అరిచి అరిచి అందరి గొంతులూ బొంగురుపోయాయి. సగం షట్టరు దించిన ఒక ముస్లిం హోటల్లో చాయ్ తాగాను. మా వైపు టీ అంటే నీళ్ళల్లో పాలు. ఇక్కడ పాలల్లో నీళ్ళు కూడా ఉన్నాయో లేదో అనుమానమే. చిన్న గ్లాసు, ఐదు రూపాయలు, పైన మీగడ. బాగుందని రెండోది అడిగాను. హోటలాయన గ్లాసు పెడుతూ నా మాట తీరుకి చెవి రిక్కించి, "ఎక్కడికెళ్ళి అచ్చిన్రు?" అన్నాడు. పాలకొల్లు నుంచని చెప్పాను. "గీ దినాలల్ల అచ్చిన్రా!" అని తల ఊపి, రెండో చాయ్‌కి పైసలు తీసుకోలేదు. ఆ ఊపుడు మెచ్చుకోలో జాలో నాకు అర్థం కాలేదు.

మల్లేశం లారీతో వచ్చాడు. నలభై దాటిన మనిషి, మెడలో ఎర్ర తువ్వాలు. గాలిలో పదేళ్ళుగా విన్న గొంతుకి ఇప్పుడొక మొహం దొరికింది. వంగి నా కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగి, తలుపు అంచుకి నెత్తి కొట్టుకున్నాను. అట్లా మొదలైంది మా పరిచయం.

"మూర్తి సారూ, దెబ్బ తాకిందా?"

"దెబ్బ కాదు, మీ లారీయే తాకింది. ముందు ఇంజను వెయ్యవయ్యా, దాని సంగతి చూద్దాం."

తాళం తిప్పాడు. సెట్టు పెట్టాడు. ఏదో మూల ఎవరో మాట్లాడుకుంటున్నారు. ఇంజను అందుకోగానే కుయ్యిమని ఈల మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఈల పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. డీజిల్ ఇంజనుకి స్పార్కు ప్లగ్గులుండవు కాబట్టి రేడియోకి బాధ లేదంటారు, అది ఉత్త మాట. బ్యాటరీకి కరెంటు పోసే డైనమో ఒకటి ఏడుస్తుంది కదా! ఆ ఈల సరిగ్గా మోర్సు కూత శ్రుతిలోనే ఉంది.

"గిదే సారు. ఆయన కొడుతున్నడని నాకు ఎర్కే. బండి ఆపి వింటె, ఆయన చెప్పుడు అయిపోయి ఉంటది. కిరాయి మీద పోయేటప్పుడు ఊకె ఊకె ఎక్కడ ఆపుత?"

నవ్వుతూనే చెప్పి, బండిని కోరుట్ల దారి పట్టించాడు.

కోరుట్ల

మల్లేశం ఇల్లు ఊరి చివర. వాకిట్లో లారీ పట్టేంత జాగా, పక్కన ఆరబోసిన మక్కలు, అంటే మొక్కజొన్నలు. సమ్మెతో కిరాయిలు లేక లారీ కొన్నాళ్ళుగా అక్కడే నిలబడి ఉంటోందట. అతని భార్య లక్ష్మి మక్క రవ్వతో వండిన గటక, పచ్చిపులుసు పెట్టింది. మా ఊళ్ళో పులుసంటే పొయ్యి మీద తుకతుక ఉడకాలి. ఇక్కడ చింతపండు నీళ్ళల్లో ఉల్లిపాయ పిసికి, పచ్చిమిరపకాయ కాల్చి వేసి, చల్లగానే పోశారు. మొదటి ముద్దకి మొహం చిట్లించాను, నాలుగో ముద్దకి గిన్నె దగ్గరికి లాక్కున్నాను. లక్ష్మి అది చూసి నవ్వి, "మంచిగుందా సారు? మీ దిక్కు అన్నంల చక్కెర ఏసుకుంటరట గద!" అంది. కాదని ఎంత చెప్పినా నమ్మలేదు.

ఇక పని. సెట్టుకి కరెంటు హారన్ తీగలోంచి లాగి ఉంది. ఎవడో ఎలక్ట్రీషియను తీగ మిగుల్చుకున్నాడు. అదంతా పీకేసి, రెండు లావు తీగలు నేరుగా బ్యాటరీకి వేశాం. లారీలో జంట బ్యాటరీలుంటాయి, సెట్టుకి ఒకదాని కరెంటు చాలు. డైనమో దగ్గర నేను తెచ్చిన పెద్ద కండెన్సర్ బిగించాం. ఈల సగం తగ్గింది. మిగతా సగం మొండికేసింది.

లారీ క్యాబిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. ఇనుముకి ఇనుము తగలదు. అందుకని క్యాబిన్‌కీ కింది ఇనుప చాసిస్‌కీ మధ్య రాగి పట్టీ బిగించాలి, లేకపోతే క్యాబినే ఏరియల్‌లా చప్పుడంతా పట్టి సెట్టులో పోస్తుంది. ఆ మాటే అన్నాను.

"పట్టీ ఉన్నది గద సారు! ఖాజా భాయి చెప్తె గప్పుడే ఏసిన."

వంగి చూశాను. నిజమే, ఉంది. దాని మీద చిలకపచ్చ రంగు, కింద ఎరుపు, ఎరుపు కింద మళ్ళీ చిలకపచ్చ. ఏటేటా దసరాకి లారీ మొత్తానికి రంగు వేయిస్తాడట. పెయింటరు శ్రద్ధగలవాడు. పట్టీ ఊడదీసి, దాని కింద కూడా రంగు పూసి, ఆరాక మళ్ళీ బోల్టు బిగిస్తాడు. ఇన్నేళ్ళుగా రాగి పట్టీ ఇనుముకి తగలనేలేదు, రంగుకి తగులుతోంది. దుప్పటి కప్పుకుని స్నానం చేసినట్టే!

"గీకాలి," అన్నాను.

మల్లేశం మొహం మాడిపోయింది. "కొత్త రంగు సారు. దసరకు పూజకు పెట్టాలె. పండుగకు బండిని గీకుతరా?"

"ఎవరు చూస్తారయ్యా, అడుగున?"

"బండికి ఎర్క గద సారు."

నేను గీకుతానంటే ఒప్పుకోలేదు. తానే లారీకి దండం పెట్టుకుని, వెల్లకిలా కిందికి దూరి, ఆకురాయితో గీకడం మొదలుపెట్టాడు. బోల్టు చుట్టూ పెయింటరు చిన్న తామరపువ్వు వేసి ఉన్నాడు, ఎవరికీ కనబడని చోట. అది కూడా పోయింది. ఇనుము తెల్లగా మెరిశాక పట్టీ బిగించాం. ఇంకో రెండు చోట్ల కొత్త పట్టీలు వేశాం. నాకున్న ఒక్క తెల్ల చొక్కా గ్రీజుపాలైంది.

ఇంజను వేశాడు. ఈల లేదు! మల్లేశం నా చేయి పట్టుకుని ఊపేశాడు. ఆ సంబరం నిమిషం నిలవలేదు. ఈల పోయాక, దాని కింద ఇన్నాళ్ళూ దాక్కున్న ఇంకో చప్పుడు పైకొచ్చింది. టక్ టక్ టక్ టక్, ఆగకుండా. బలమైన స్టేషన్లకి అడ్డు కాదు. కానీ ఖాజా భాయిది బలహీనమైన సెట్టు, పైగా మోర్సులో చుక్కలు. చుక్కల మధ్య ఈ టక్కులు కలిస్తే అక్షరం అక్షరంగా మిగలదు. వైపర్ ఆపాం, ఫ్యాను ఆపాం, హారన్ తీగ పీకాం. పోలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే కరెంటు కూడా పోయింది. బొగ్గు గనులు బందయ్యాయి, కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదట.

"ఎట్లన్న సిరిసిల్లకు పోదాం సారు. దార్ల చూద్దాం," అన్నాడు మల్లేశం. అతని గొంతులో మొదటి సారి భయం విన్నాను.

రుద్రంగి దారి

పొద్దున్నే బయల్దేరాం. దారి పొడుగునా మక్క చేలు, కరెంటు లేక ఎండుతున్న పసుపు మడులు. కొన్ని వాకిళ్ళలో తంగేడు పూలు పోసి బతుకమ్మ పేర్చడానికి కూర్చున్నారు. పూల పక్కన కూడా ఎవరూ నవ్వుతున్నట్టు లేదు. ఏ పల్లెలో చూసినా అరుగుల మీద పనిలేని మనుషులే.

రుద్రంగికి కొంచెం ఇవతల రోడ్డు మీద రాళ్ళు అడ్డం పెట్టి, పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. వంటావార్పు, రోడ్డు మీదే వండి తింటూ చేసే నిరసన. మేము ఆగాం. ఆగగానే పదిమంది చుట్టూ మూగారు. ఒకాయన క్యాబిన్‌లోకి తొంగిచూసి, "గీ సారు ఎవరు?" అన్నాడు.

"మా రేడియో సారు. ఖాజా భాయి పాణం మీదికచ్చింది, గందుకే అచ్చిండు."

"ఏ జిల్లా సారు మీది?"

అబద్ధం చెప్పడం చేతకాని మనిషిని. "పశ్చిమ గోదావరండీ," అన్నాను.

మూగినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మల్లేశం స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న ముసలామె తలెత్తి, "అయితే ఏంది? గోదారోళ్ళకు కడుపుండదా? దిగు బిడ్డా, తిను. తిన్నంక కొట్లాడుకుందురు," అంది. అరవై దాటిన నన్ను బిడ్డా అందేమిటని ఆశ్చర్యపోతూ దిగాను. వేడి అన్నం, పప్పుచారు, వంకాయ కూర. పక్కన కూర్చున్న మాస్టారు జీతం లేక ఎలా ఉందో చెబుతూనే నా విస్తట్లో కూర వేశాడు. మా రాష్ట్రం మాకు కావాలన్నాడు. నేను తల వంచుకుని తిన్నాను. ఆ పూట అంతకంటే మర్యాద నాకు తోచలేదు.

దారి వదలడానికి ఇంకా ఆలస్యమవుతుందంటే లారీ ఎక్కి కూర్చున్నాం. ఇంజను లేదు, తాళం తీసి ఉంది, సెట్టు నేరుగా బ్యాటరీ మీద ఉంది. అప్పుడు వినబడ్డాడు ఖాజా భాయి. సన్నగా, దూరంగా, వణుకుతూ. "మల్లేశ్. ఎక్కడ."

మల్లేశం చెప్పాడు. మైకు దించి, ఉక్కకి తట్టుకోలేక ఫ్యాను వేద్దామని తాళం సగం తిప్పాడు. ఇంజను వేయలేదు. కానీ టక్ టక్ మొదలైంది! ఖాజా భాయి అక్షరాలు చెదిరిపోయాయి.

ఇంజను లేకుండానే చప్పుడా? నేను కళ్ళు తిప్పి చూశాను. అద్దం పైన రాజన్న పటం, వేములవాడ శివుడిది. పటం చుట్టూ ఎరుపు, ఆకుపచ్చ, పసుపు చిన్న బల్బులు, ఒకదాని వెంట ఒకటి వెలిగి ఆరుతూ. టక్కుకి ఒక ఎరుపు, టక్కుకి ఒక ఆకుపచ్చ. నేను వేలెత్తి చూపించాను.

మల్లేశం చూశాడు.

"అవి ఆర్పరాదు సారు," అన్నాడు. "ఒకపారి బండి బోల్తా పడ్డది. పటం పగిలింది, నాకు దెబ్బ తాకలే. మా ఇంటామె మొక్కింది, బండి నడిసినంతసేపు రాజన్న ముంగట దీపం ఆరద్దని. నేనెక్కడున్నా గది ఎలుగుతున్నదనుకుంటనే ఆమె నిద్రపోతది."

పెయింటు గీకమన్నాను, గీకాడు. దేవుడి దీపం ఆర్పమని ఏ నోటితో చెప్పను? రాళ్ళు తీశారు. జనం దారి ఇచ్చారు. లారీ కదిలింది, బల్బులు వెలుగుతున్నాయి, టక్కుల కింద ఖాజా భాయి ఏదో కొడుతున్నాడు. ఒక అక్షరం దొరికితే మూడు పోతున్నాయి.

కొంత దూరం పోయాక మల్లేశం పక్కకి తీసి ఆపాడు. రెండు చేతులూ జోడించాడు.

"రాజన్నా, సిరిసిల్ల దాకనే. నీ గుడిల దర్గ ఉన్నది, ఖాజా భాయి కోసం ఆర్పితె నువ్వేమనవు." బల్బుల తీగ పట్టుకుని లాగేశాడు.

ఇంజను నడుస్తోంది. సెట్టులో ఒక్క పిసరు చప్పుడు లేదు. మల్లేశం మైకు అందుకుని, "భాయ్, రుద్రంగి దాటుతున్న," అన్నాడు. జవాబు వచ్చింది, ఒక్కో అక్షరం కష్టపడి. ఆ అక్షరాలు కూర్చుకుంటూ మల్లేశం పెదాలు కదిలాయి.

"రుద్రంగి మలుపు. మెల్లగ పో. బర్లు వస్తయి."

మల్లేశం పగలబడి నవ్వాడు. "నన్ను తిడుతున్నడు సారు! ఇన్నేండ్లు గిట్ల తిట్టుకుంటనే ఉన్నడా? నేను ఊరు చెప్పినప్పుడల్ల గిట్ల చెప్పుకుంటనే ఉన్నడా!" నవ్వుతూనే ఏడ్చాడు. ఎదురుగా నిజంగానే నాలుగు బర్రెలు రోడ్డు దాటుతున్నాయి. మెల్లగా పోయాడు.

చందుర్తి చెబితే "నీళ్ళు తాగు" అని వచ్చింది. వేములవాడ చెబితే "దండం పెట్టు, నా తరఫున కూడ." తర్వాత అక్షరాల మధ్య ఖాళీలు పెరిగాయి.

సిరిసిల్ల

సిరిసిల్ల అంటే సాంచాల ఊరని విన్నాను, గుడ్డ నేసే మరమగ్గాల్ని అక్కడ సాంచాలంటారు. వీధిలో పక్క మనిషి మాట వినబడదన్నారు. మేము వెళ్ళిన రోజు ఊరంతా నోరు కట్టేసినట్టుంది. కరెంటు లేక సాంచాలు ఆగాయి. నేత కార్మికులు తలుపుల్లో కూర్చుని రోడ్డు చూస్తున్నారు. ఏ ఇంట్లోనూ పొయ్యి వాసన రాలేదు.

లారీ గల్లీ మొదట్లో ఆపి నడిచాం. ఖాజా భాయి భార్య ఫాతిమా బీ తలుపు తీసింది. లోపలి నుంచి మీట చప్పుడు వస్తోంది.

"రోజు గిదే," అంది ఆమె, మెల్లగా. "వినేటోడు ఉన్నడో లేడో, కొడుతనే ఉంటడు. సాంచాలు నడిసినప్పుడు నాక్కూడ వినవడకపోయేది. గిప్పుడు గల్లి మొత్తానికి వినవడుతది."

ఖాజా భాయి మంచం మీద మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. చెవులకి హెడ్‌ఫోన్లు, గొంతుకి గుడ్డ. మంచం కింద మల్లేశం ఇచ్చిన పాత లారీ బ్యాటరీ. తల వంచుకుని, వేలితో కొడుతున్నాడు. లారీ వచ్చేసిందని ఆయనకి తెలియదు. నేను నిలబడి విన్నాను. "సిరిసిల్ల దగ్గర పడ్డదా. మూర్తి సారును జాగ్రత్తగ తీసుకరా."



మల్లేశం వెళ్ళి ఆయన భుజం మీద చేయి వేశాడు. ఆయన ఉలిక్కిపడలేదు. మీట వదిలి, ఆ చేతి మీదే వేలితో కొట్టాడు. మల్లేశం నాకు చదివి చెప్పాడు, "లారీ గల్లీల పెట్టినవా అంటున్నడు. మోరిల, గా మురికి కాలువల పడతదట."

"అన్నీ వినవడ్డయి భాయ్," అన్నాడు మల్లేశం. "బర్ల ముచ్చట కూడ. ఒక్క ముక్క పోలే."

ఖాజా భాయి అతని మొహం కేసి చూశాడు. తర్వాత నా కేసి. లేచి కౌగిలించుకోవాలని చూసి, లేవలేక, నా గ్రీజు చొక్కా అంచు పట్టుకుని కూర్చున్నాడు. ఫాతిమా బీ చాయ్ తెచ్చింది. ఆయనకి గొట్టంలోంచి పాలు పోస్తుంటే మేమిద్దరం తలలు తిప్పుకున్నాం.

తిరిగి వచ్చాక

అందరూ అడిగారు, అక్కడ నిన్నేమీ అనలేదా అని. అన్నం పెట్టారన్నాను. అది ఎవరికీ నచ్చిన జవాబు కాదు.

తర్వాత కొన్నాళ్ళు పొద్దున్నే సెట్టు పెడితే వాళ్ళిద్దరూ వినబడేవారు. మల్లేశం ఊరి పేరు చెప్పడం, ఖాజా భాయి తిట్టడం. బల్బులు ఇంకా పెట్టలేదన్నాడు. చలి ముదిరాక తిట్లు పొట్టివయ్యాయి. తర్వాత ఒక్క అక్షరమే వచ్చేది. తర్వాత అదీ రాలేదు. ఖాజా భాయిని మట్టి చేసిన రోజు మల్లేశం రేడియోలో చెప్పలేదు, ఫోన్ చేశాడు.

నెల పోయాక ఒక ఉదయం మల్లేశం గొంతు వినబడింది. లారీలోంచే, ఇంజను నడుస్తూ. ఎలా ఉన్నావంటే, "జర మల్ల చెప్పుండ్రి సారు, సరిగ్గ వినవడ్తలేదు," అన్నాడు.

"ఎందుకు వినబడదయ్యా? శుభ్రంగా చేశాం కదా! పట్టీ వదులైందా?"

"పట్టీ మంచిగనే ఉన్నది. బల్బులు మల్ల పెట్టిన."

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు పెట్టావు? మీ ఆవిడ అడిగిందా?"

"ఆమె అడుగలే సారు." గేరు మార్చిన చప్పుడు వచ్చింది. "సాఫ్‌గ ఉంటె, ఎవ్వరు లేరని తెలుస్తది. గా టక్ టక్ ఉన్నదనుకో, ఆయన కొడుతనే ఉన్నడు, నాకే వినవడ్తలేదు అనుకుంట."

నేను మైకు మీట నొక్కి వదిలేశాను. నేను వెళ్ళిపోయాననుకున్నాడో ఏమో, అతను మళ్ళీ మాట్లాడాడు. ఈసారి నాతో కాదు.

"భాయ్, రుద్రంగి మలుపు అచ్చింది. మెల్లగనే పోతున్న."